నీ ఇష్టం

ఫిబ్రవరి 5

'లిజన్' అరగంటలో అయిపోయింది. విను, ఆలకించు, చెవిన పెట్టు, మాట విను. నాలుగు అర్థాలు, రెండు ఉదాహరణలు, చీటీ రాసి ట్రేలో పడేశాను. దాని కిందే 'లిస్ట్‌లెస్'. మా పిల్లల నిఘంటువు పాత ముద్రణ తీసి చూస్తే ఇరవై ఆరేళ్లుగా మా ఇంటి పరువు అక్కడే ఉంది: 'లిస్ట్‌లెస్ - జాబితా లేని.' నవ్వాపుకోలేక కళ్లజోడు తీసి తుడుచుకున్నాను.

ఏమిటి మేడమ్ అని డీటీపీ అమ్మాయి వచ్చింది. ఆ కథ మళ్లీ చెప్పాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో చీటీలు ఇంటికి తెచ్చుకునేదాన్ని. చెల్లికి అప్పుడు పద్దెనిమిదేళ్లు, ముత్యాల్లాంటి అక్షరాలు. నేను అర్థాలు చెబుతుంటే అది శుభ్రంగా ఎత్తి రాసేది. ఈ ఒక్క చీటీ మాత్రం సొంత తెలివితో తప్పు రాసింది, లిస్టు అంటే జాబితా, లెస్ అంటే లేని. నేను చూసుకోలేదు. పిల్లల నిఘంటువులో అచ్చయిపోయింది. ఎవరో స్కూలు మాస్టారు ఉత్తరం రాశాడు, 'చీటీ లేకుండా బజారుకు వెళ్లే నా భార్యను లిస్ట్‌లెస్ అనవచ్చునా' అని. అప్పటి నుంచి చుట్టాలందరికీ చెల్లి పేరు జాబితా. అదేమైనా తక్కువ తిందా? పంతం పట్టి మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే నిజంగానే ఓ జాబితా రాసి తలుపుకు అంటించడం మొదలుపెట్టింది. కుట్టాల్సిన బట్టలు, కొనాల్సిన దారాలు, చూడాల్సిన సినిమా, తిట్టాల్సిన మనుషులు. ఆ చివరి వరుసలో నా పేరు లేని రోజు తక్కువ.

డీటీపీ అమ్మాయి పడీ పడీ నవ్వింది. ఈ కథకు ఎవరైనా నవ్వుతారు.

సాయంత్రం ఇంటికొచ్చి చెల్లికి చెప్పాను, నీ మాట దగ్గరికి వచ్చామే అని. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. నవ్వలేదు. వినలేదేమో అనుకుని మళ్లీ చెప్పాను. "ఊఁ" అంది. ఏం వండమంటావు అంటే "నీ ఇష్టం" అంది.

ఫిబ్రవరి 6

ఇవాళ కూడా తల దువ్వుకోలేదు.

ఫిబ్రవరి 8

ఒక్క మాటకు నాలుగు రోజులు. పెద్దాయన గాజు తలుపు వెనక నుంచి రెండుసార్లు చూశాడు. మా ప్రధాన సంపాదకుడు కోప్పడే మనిషి కాదు, ఊరికే చూస్తాడు. అదింకా కష్టం.

నీరసం అని రాశాను. కొట్టేశాను. నీరసం అన్నం తింటే పోతుంది. నిర్లిప్తత అని రాశాను. అది యోగులకు, పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లకు. నిరాసక్తత బాగానే ఉంది కాని, ఎనిమిదో తరగతి పిల్లవాడికి లిస్ట్‌లెస్ కన్నా నిరాసక్తతే కష్టం. నిస్తేజం అంటే బల్బు గురించి చెప్పినట్టుంది. చివరికి బద్ధకం అని రాసి చీటీ మూశాను.

మూశాను కాని ట్రేలో వెయ్యలేదు. బద్ధకస్తుడికి పడుకోవాలని ఉంటుంది, ఇంకాస్త సేపు ముసుగు తన్నాలని ఉంటుంది. అదీ ఒక కోరికే కదా.

చెల్లిది బద్ధకమే. నలభై నాలుగేళ్లు వచ్చాక వచ్చిన బద్ధకం. ఇరవై ఏళ్లకు పైగా ఒళ్లు దాచుకోకుండా కుట్టింది, ఇప్పుడు కాస్త సుఖం మరిగింది. కుట్టుమిషను మీద కప్పిన దుప్పటి ఈ ఇంటికొచ్చిన రోజు కప్పింది, అక్టోబరు పన్నెండున. తలుపు మీద జాబితా లేదు. టేపు ముక్క కూడా లేదు. కొత్త తలుపు కదా, పాడవుతుందని మానేసిందేమో.

ఇల్లు మారడం దానికేమీ కొత్త కాదు. నా మోకాళ్లతో రెండు బస్సులు మారి ఆఫీసుకు రావడం ఇక నావల్ల కాలేదు. ఇక్కడి నుంచి నడిచి పది నిమిషాలు. పాత ఇంటి ముందుగదే దాని కొట్టు, నిజమే. అయితే మిషను ఎక్కడ పెట్టినా మిషనే. ముందు దాన్నే అడిగాను, మారదామా అని. "నీ ఇష్టం" అంది. మౌనం అర్ధాంగీకారం అంటారు, ఇది నోరు తెరిచి మరీ అంది.

ఫిబ్రవరి 9

తనే అంది. నేను బలవంతం చెయ్యలేదు.

ఫిబ్రవరి 13

పనిలో పడితే అదే సర్దుకుంటుందని, పక్కింటావిడను అడిగి వాళ్ల పాప స్కూలు గౌను తెచ్చాను. అంచు ఊడింది, చేత్తో కుట్టినా పావుగంట పని. పొద్దున్న చెల్లి ఒళ్లో పెట్టి, సూదీ దారం పక్కన పెట్టి ఆఫీసుకు వెళ్లాను.

మధ్యాహ్నం భోజనానికి వచ్చేసరికి గౌను ఒళ్లోనే ఉంది. సూది చేతిలో ఉంది. దారం ఎక్కించలేదు. ఏమే అన్నాను. సూది వంక చూసింది, అది తన చేతిలోకి ఎలా వచ్చిందా అన్నట్టు. మళ్లీ సాయంత్రం వచ్చాను. గౌను, సూది, అదే కుర్చీ. పెట్టి వెళ్లిన అన్నం గిన్నెలో ఎండిపోయింది.

నాకు ఒళ్లు మండింది. నేను అన్న మాటలన్నీ ఇక్కడ రాయను. బద్ధకం అన్నాను. కూర్చుని తింటే ఒళ్లు అలాగే బరువెక్కుతుంది అన్నాను. అమ్మ పోయిన నాటి నుంచి నిన్ను మోస్తూనే ఉన్నాను, ఇంకెన్నాళ్లు అన్నాను. ఎదురు చెబుతుందని చూశాను. పాత జాబితా అయితే కత్తెర పుచ్చుకుని లేచేది, తిట్టాల్సినవాళ్ల వరుసలో నా పేరు మూడుసార్లు రాసేది.

"అవునక్కా" అంది.

గౌను నేనే కుట్టాను. వంకరగా వచ్చింది. పక్కింటావిడ చాలా బాగుందండీ అంది, పాపం.

ఫిబ్రవరి 14

రాయాలని లేదు.

ఫిబ్రవరి 19

ఇవాళ పెద్దాయన పిలిచాడు. నా బల్ల మీంచి తెప్పించిన చీటీ నా ముందు పెట్టి, బద్ధకం కాదమ్మా అన్నాడు. తన వెనక ఉన్న లావుపాటి పుస్తకం తీసి, వేలు పెట్టి చూపించాడు. లిస్టు అనే మాటకు పూర్వం ఇంకో అర్థం ఉండేదట. జాబితాకు సంబంధం లేని వేరే మాట అది. దాని అర్థం ఇష్టం, కోరిక. ఆ మాట ఎప్పుడో వాడుకలోంచి పోయింది. లెస్ తగిలించుకున్నది మాత్రం మిగిలింది. ఇష్టపడడానికి ఉన్న మాట చచ్చిపోయి, ఇష్టం లేకపోవడానికి ఉన్న మాట బతికిందన్నమాట.

ఇష్టం లేని, అని పెద్దాయన మెల్లిగా అన్నాడు. అయిష్టం కాదు సుమా, అయిష్టానికీ కాస్త కారం ఉంటుంది. అసలు ఇష్టమే పుట్టకపోవడం. ఇది పిల్లలకు అర్థమయ్యేలా ఎలా చెబుతారో మీరే చూడండి అన్నాడు.

నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాను. ఏం వండను? నీ ఇష్టం. బయటికి వెళదామా? నీ ఇష్టం. కిటికీ వెయ్యనా తియ్యనా? నీ ఇష్టం. నాలుగు నెలలుగా ఆ ఇంట్లో ఇష్టం అనే మాట రోజుకు పదిసార్లు వినపడుతూనే ఉంది. అందులో ఒక్కటి కూడా దానిది కాదు.

ఇంకొకటి రాయాలి. రాయకుండా లేచిపోదామని చూశాను, కలం మూసి మళ్లీ తెరిచాను.

పెద్దాయన గది నుంచి వచ్చాక, ఎందుకో తెలియదు, పాత చీటీల సొరుగు తీశాను. మొదటి ముద్రణ చీటీలు ఇంకా ఉన్నాయి, రబ్బరు బ్యాండ్లు కరిగి అంటుకుపోయి. చెల్లి రాత ఒకసారి చూద్దామనుకున్నాను. ఆ ముత్యాలు చూసి చాలా కాలమైంది. 'లిజన్' దాని రాత. 'లిటరేచర్' దాని రాత. మధ్యలో 'లిస్ట్‌లెస్' నా రాత.

నాదే. 'ల' తోక కిందికి జారిపోయే నా దరిద్రపు రాత. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, గదిలో ఎవరూ లేకపోయినా చీటీ మీద చెయ్యి పెట్టి మూశాను. మరిచిపోయాను అని రాసుకుందామనుకున్నాను. ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు, ఇందులోనూ అబద్ధం దేనికి? మరిచిపోలేదు. ఇరవై ఆరేళ్లు కథ అలా చెప్పీ చెప్పీ, చెప్పినదే జరిగినట్టు అలవాటైంది. అంతే.

మాస్టారు ఉత్తరం వచ్చిన రోజు అప్పటి సంపాదకుడు, ఇప్పుడు లేడు, నన్ను నిలబెట్టి అడిగాడు, ఇదెవరి చీటీ అని. నేను చేరి ఆరు నెలలు. ఇంకా ఖాయం చెయ్యలేదు. ఇంట్లో సంపాదించేది నేనొక్కదాన్ని. మా చెల్లి చేత ఎత్తి రాయించాను సార్, చిన్నపిల్ల, పొరపడింది అన్నాను. ఆయన నవ్వాడు. అందరూ నవ్వారు. నవ్వుతో పోయిందనుకున్నాను.

పోలేదు. ఆ నెల మొదట్లోనే, ఉత్తరం రాకముందు, చెల్లిని చీటీలు ఎత్తి రాసే పనికి తీసుకుంటామని ఉన్నారు. అది ఓ వారం నుంచి ఆ సొరుగుల గురించే మాట్లాడుతోంది. అక్కా, ఏ అక్షరం సొరుగు నాకిస్తారు అనేది. 'క' కావాలంది. 'క'లో అన్నీ మంచి మాటలే ఉంటాయట. ఉత్తరం తరవాత వద్దన్నారు. నీ రాత బాగుంది కాని ఇంకా చిన్నదానివి అన్నారని దానికి చెప్పాను. ఆ మరుసటి నెల కుట్టుపని నేర్చుకోవడానికి పంపాను. పంపేముందు ఏం నేర్చుకుంటావే అని అడిగితే ఏమందో ఇప్పుడు గుర్తొస్తోంది.

నీ ఇష్టం అంది. పద్దెనిమిదేళ్లప్పుడు.

ఫిబ్రవరి 20

చీటీ నా సంచీలో ఉంది. ఆఫీసు కాగితం బయటికి తేవడం తప్పు. తెచ్చాను.

ఫిబ్రవరి 21

చెప్పలేదు. పెరుగు తోడుకోలేదని గొడవ చేశాను.

ఫిబ్రవరి 22

చెప్పాను.

పొద్దున్న కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చున్నాను. చీటీ దాని ఒళ్లో పెట్టాను. ఇది నీ రాత కాదే, నాది అన్నాను. అప్పుడు నీ పేరు చెప్పాను, ఉద్యోగం పోతుందని భయమేసి. నీకు రావలసిన పని నావల్లే పోయింది. ఇన్నేళ్లూ నలుగురిలో నిన్ను జాబితా అని నవ్వించాను. అన్నీ చెప్పాను. ఏడ్చాను కూడా. ఇరవై ఆరేళ్లు మోసిన మూట దించేస్తే అది అరుస్తుందో, కొడుతుందో, నేనెప్పుడో కనిపెట్టానులే అంటుందో అని నేను అన్నిటికీ సిద్ధపడే కూర్చున్నాను. ఆ మూడూ నేను మనసులో ముందే విని పెట్టుకున్నాను. మూడింటికీ నా జవాబులు కూడా ఉన్నాయి.

చీటీ చేతిలోకి తీసుకుంది. చదివింది. నిజంగా చదివింది, పెదాలు కదిలాయి. మడిచి నాకు తిరిగి ఇచ్చింది.

"ఏదైతేనేం అక్కా" అంది.

కోపంగా కాదు. క్షమించినట్టూ కాదు. కిటికీ వెయ్యనా అంటే చెప్పినట్టే చెప్పింది.

నాకు భయం వేసింది. అక్టోబరు నుంచి మొదటిసారి నిజంగా భయం వేసింది. దానికి నామీద కోపం కూడా రావడం లేదు. కోపం రావడానికి కూడా లోపల ఏదో ఒకటి కావాలనిపించాలి. నేనిన్నాళ్లూ బద్ధకం అంటున్నది ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. ఇలాగే వదిలేస్తే ఒకరోజు తినడం మానేస్తుంది, తరవాత కుర్చీలోంచి లేవడం మానేస్తుంది, ఆ తరవాతది రాయలేను. నా చెల్లెలు నా కళ్లెదుట కూర్చునే వెళ్లిపోతోంది.

ఫిబ్రవరి 26

డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. నాకన్నా చిన్నది, నెమ్మదిగా మాట్లాడుతుంది. ఎప్పటి నుంచి అని అడిగింది. అక్టోబరు నుంచండీ అన్నాను. నిద్ర పడుతోందా? పడుతోంది కాని మధ్యలో లేస్తుందండీ. ఆకలి? లేదండీ. ఇంతకు ముందు ఏ పని ఇష్టంగా చేసేవారు? కుట్టుపనండీ, ఇరవై ఏళ్లు కొట్టు నడిపింది, పేటలో సగం మంది పిల్లల యూనిఫారాలు ఇదే కుట్టేది.

డాక్టరమ్మ రాయడం ఆపి నా వంక చూసింది. "నేను ఆవిణ్ణి అడుగుతున్నానండీ" అంది.

చెల్లిని అడిగింది, మీకేం చెయ్యాలని ఉంటుంది అని. చెల్లి నా వంక తిరిగింది. "అక్క ఇష్టం" అంది.

అప్పుడు నన్ను బయట కూర్చోమంది. నలభై నిమిషాలు బయట బెంచీ మీద కూర్చున్నాను. గోడమీద పళ్లు ఎలా తోముకోవాలో బొమ్మలు ఉన్నాయి, అవి నాకు కంఠతా వచ్చేశాయి. తలుపు లోపలి నుంచి చెల్లి గొంతు వినపడుతోంది. మాటలు తెలియలేదు కాని వరసగా మాట్లాడుతోంది. నాతో మాట్లాడి ఎన్నాళ్లయిందో లెక్క పెట్టబోయి మానేశాను.

బయటికి వచ్చాక డాక్టరమ్మ నాతో విడిగా మాట్లాడింది. ఇది బద్ధకం కాదు, జబ్బు, నయమవుతుంది అంది. మాత్రలు రాసింది. వారానికోసారి చెల్లినొక్కదాన్నే పంపమంది. ఇంకొక్క మాట చెప్పింది, అది మందుల చీటీ మీద లేదు. మీరు ఏదైనా అడిగితే, జవాబు వచ్చేదాకా ఆగండి. నీ ఇష్టం అంటే ఒప్పుకోకండి. ఆవిడ బదులు మీరు చెప్పకండి.

ఎంతసేపు ఆగాలండీ అని అడిగాను.

వచ్చేదాకా అంది.

ఫిబ్రవరి 27

టీయా కాఫీయా అని అడిగాను. నీ ఇష్టం అంది. కాదు, నీ ఇష్టం అన్నాను. మూడు నిమిషాలు ఆగి నేనే కాఫీ పెట్టేశాను. ఆఫీసుకు ఆలస్యమవుతోంది మరి.

మార్చి 1

ఆరు నిమిషాలు. నేనే టీ అన్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని నన్ను అమ్మ ఊరికే అనలేదు.

మార్చి 2

నోరు మూసుకుని ఉండడం కూడా ఒక పనే. జీతం ఇచ్చినా చెయ్యలేను.

మార్చి 5

పదకొండు నిమిషాలు. గోడ గడియారం వంక చూడకుండా స్టవ్ వంక చూశాను. ఉత్త గిన్నె పట్టుకుని నిలబడ్డాను. మోకాళ్లు పీకాయి. అది బల్ల మీది గీతలు చూస్తోంది. ఒకసారి నోరు తెరిచి మూసింది. నేను పళ్ల మధ్య నాలుక పట్టుకున్నాను, నిజంగానే.

"కాఫీ" అంది.

గిన్నెలో పాలు పోశాను. ఆఫీసుకు ఆలస్యంగా వెళ్లాను. పెద్దాయన గాజు తలుపు వెనక నుంచి చూశాడు. చూడనిచ్చాను.

మార్చి 8

తల దువ్వుకుంది. కాఫీలో పంచదార ఎక్కువైందంది. సాయంత్రం కిటికీ తనే తీసింది.

ఆఫీసులో ఇవాళ పెద్దాయనకు ఆ పాత చీటీ తిరిగి ఇచ్చి, అది నా రాతేనని చెప్పాను. ఆయన కళ్లజోడు పైకి తోసి చూసి, ఎవరిదైతేనేమమ్మా ఇన్నేళ్లకు, అన్నాడు. చెల్లి అన్న మాటే. ఆయన అంటే మనసు తేలికైంది. అది అన్నప్పుడు గుండె జారింది. ఒకే మాటకు రెండు వాడుకలు. నిఘంటువులో ఇలాంటివి ఎలా చూపించాలో ఈ పనిలో ముప్పై ఏళ్లకు దగ్గరపడినా నాకు తెలియదు.

మార్చి 11

ఆదివారం. ఇద్దరం గుమ్మంలో కూర్చుని బట్టలు మడత పెడుతున్నాం. ఊరికే అన్నాను, ఆ మిషను ఈ కిటికీ దగ్గరికి జరుపుదామా, వెలుతురు బాగుంటుంది, ఇక్కడా బోలెడు మంది పిల్లలున్నారు, ఓ చిన్న బోర్డు పెడదాం అని. మాత్రలు పనిచేస్తున్నాయి, మనిషి తేరుకుంది, ఇక మిషను ఒక్కటే మిగిలిందని నాకు మహా హుషారుగా ఉంది.

అది చేతిలో తువ్వాలు పట్టుకుని ఆగిపోయింది. నేనూ ఆగాను. ఇప్పుడు నాకు ఆగడం వచ్చింది కదా. వీధిలోంచి సైకిలు వెళ్లింది. ఎవరో పంపు కట్టేశారు. నేను ఆగాను.

"నాకిక్కడ ఇష్టం లేదక్కా" అంది.

ఏమిటీ అన్నాను. విననట్టు నటించాను. వినపడింది.

"ఈ ఇల్లు నాకు ఇష్టం లేదు. మన పాత వీధికి వెళ్లిపోతాను. అక్కడి మందుల షాపావిడ మేడమీద గది ఖాళీగా ఉందంది. మిషను పడుతుంది." తువ్వాలు మడిచింది. "నువ్వు రావద్దు. నేనొక్కదాన్నే ఉంటాను."

మందుల షాపావిడను ఎప్పుడు అడిగావే అన్నాను. డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి వస్తూ, బస్సు మారే చోట దిగి వెళ్లిందట. రెండు వారాలు వరసగా. బస్సు ఆలస్యమైందని నాకు చెప్పింది. నమ్మాను.

మార్చి 12

ఎందుకు వెళ్లకూడదో కారణాలు ఓ కాగితం మీద రాశాను. ఒంటరిగా ఉండలేదు. మాత్రలు వేళకు ఎవరిస్తారు? వండుకోదు. మేడ మెట్లు నిటారుగా ఉంటాయి. మళ్లీ ఒంట్లో బాగోకపోతే ఎవరికి తెలుస్తుంది? లోకజ్ఞానం లేదు. పాత వీధిలో ఇప్పుడు వేరే దర్జీ వచ్చి ఉంటాడు. నన్నెవరు చూస్తారు?

మొత్తం పద్నాలుగు వచ్చాయి. చదువుకున్నాను. చివరిది ఒక్కటే నిజం. తక్కినవన్నీ దానికి వేసిన ముసుగులు. యాభై నాలుగేళ్ల మనిషిని, నాకొక మనిషి కావాలని అడగడానికి సిగ్గుపడి దాన్ని చంటిపిల్లను చేశాను. ఇప్పుడు కాదు, ఎప్పటి నుంచో.

కాగితం చింపి పొయ్యి వెలిగించాను.

మార్చి 13

సాయంత్రం అది మాత్ర వేసుకుని నీళ్లు తాగుతుంటే చెప్పాను. ఆ రెండు మాటలూ జీవితంలో ఎన్ని వేలసార్లు విన్నానో. నోటితో అనడం ఇదే మొదలు. గొంతులోంచి రావడానికి చాలాసేపు పట్టింది. అది గ్లాసు దించి, నేను చెప్పేదాకా ఆగింది.

"నీ ఇష్టం" అన్నాను.

నా ముఖం వంక పరీక్షగా చూసింది, బట్ట మంచిదో నాసిరకమో చూసినట్టు. తరవాత నా చెయ్యి పట్టుకుంది. అప్పుడు ఏడ్చింది, అక్టోబరు నుంచి ఏడవని ఏడుపంతా. చీటీ గురించి కూడా అప్పుడే తిట్టింది. 'క' సొరుగు గురించి తిట్టింది. నా పేరు నలుగురిలో నవ్వులపాలు చేశావు, ఒక్కసారి, ఒక్కసారైనా నా దగ్గర ఒప్పుకోవాలనిపించలేదా అంది. ఇన్నాళ్లకు కోపం వచ్చింది. నేను ఒక్క మాటకూ జవాబు చెప్పలేదు. తిట్టు తిట్టుకీ ప్రాణం లేచొచ్చింది.

మార్చి 19

మిషను దించడానికి ఇద్దరు మనుషులు వచ్చారు. దుప్పటి తీస్తే సూది కింద ఒక బట్ట ముక్క ఉంది, సగం కుట్టు. అక్టోబరులో ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అలాగే ఆపి దుప్పటి కప్పేసిందన్నమాట. నేను తొందరపెట్టాను, గుర్తుంది. లారీ వచ్చేసింది లేవే అన్నాను.

వెళ్లేటప్పుడు నేను మాత్రల డబ్బా, స్వెటరు, చిన్న గిన్నె ఒకదాని తరవాత ఒకటి అందిస్తుంటే అన్నీ తీసుకుంది. గొడుగు మాత్రం వద్దంది. ఎందుకే అంటే, రంగు నాకు నచ్చదు అంది. పదేళ్ల నుంచి ఆ గొడుగు వాడుతోంది. నేనే కొన్నాను.

మార్చి 20

నేలమీద మిషను కాళ్ల గుర్తులు నాలుగు. తుడవలేదు.

మార్చి 26

లిస్ట్‌లెస్ చీటీ ఇవాళ ట్రేలో పడింది. 'దేనిమీదా ఇష్టం పుట్టని. ఏది అడిగినా నీ ఇష్టం అనే' అని రాశాను. పెద్దాయన సగం కొట్టేసి పంపాడు. మార్జిన్లో చిన్న అక్షరాలతో రాశాడు, 'మొదటిది అర్థం. రెండోది అర్థం కాదమ్మా, ఉదాహరణ. దాని చోట్లో దాన్ని వెయ్యండి' అని. వేశాను. డీటీపీ అమ్మాయి టైపు చేస్తూ, పాత అర్థమే సరదాగా ఉంది మేడమ్, ఆ కథ ఇంకోసారి చెప్పండి అంది. చెప్పాను. ఈసారి సరిగ్గా చెప్పాను. నవ్వలేదు పాపం, కీబోర్డు తుడిచింది.

మార్చి 30

పొద్దున్న చెల్లికి ఫోన్ చేశాను. మిషను చప్పుడు వినపడుతోంది. ఆపి మాట్లాడింది. మందుల షాపావిడ మనవరాలికి గౌను కుడుతోందట. తలుపు మీద జాబితా పెట్టావా అంటే పెట్టానంది. ఆఖరి వరుసలో ఎవరి పేరుందే అంటే చెప్పలేదు కాని నవ్వింది, చిన్నగా.

ఎల్లుండి ఆదివారం నేను వస్తాను అనబోయాను. ఆపుకున్నాను. ఆదివారం రానా అని అడిగాను.

నేను ఆగాను. గోడ గడియారం చూడలేదు. ఫోన్ చెవికి గట్టిగా నొక్కి పట్టుకుంటే దాని ఊపిరి వినపడింది, కింద వీధిలో ఎవరో ఎవరినో పిలవడం వినపడింది. మా పాత వీధి చప్పుళ్లు. ఎవరి గొంతో కూడా గుర్తుపట్టాను.

"ఈ ఆదివారం వద్దక్కా" అంది.

ఏం, పనుందా అన్నాను. పనేం లేదు, ఊరికే వద్దు అంది. పై ఆదివారం రమ్మంది.

"నీ ఇష్టం" అన్నాను. ఈసారి వెంటనే వచ్చింది.

ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్లాను. పాలు ఉన్నాయి. టీ పొడి, కాఫీ పొడి రెండూ ఉన్నాయి. గిన్నె చేతిలోకి తీసుకుని, ఏది పెట్టుకోవాలా అని నిలబడ్డాను. ఎవరూ అడగలేదు. చాలాసేపు అలాగే నిలబడి గిన్నె బోర్లించి వచ్చేశాను.